ఆకుమడి చల్లిన రోజే మెడ సంగతి చూసుకోండి

ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలాక గోదావరి డెల్టాలో ఆకుమళ్లు పడతాయి. విత్తనం చల్లిన దగ్గర్నుంచి నారు ఊడ్పుకొచ్చేదాకా 25 నుంచి 30 రోజులు. ఆ రోజులే మెడను పనికి సిద్ధం చేసుకోవడానికి దొరికే సమయం. చేలోకి దిగి రోజుకు ఏడెనిమిది గంటలు వంగడం మొదలయ్యాక మెడ పట్టేస్తే మందులతో నెట్టుకురావడం తప్ప పెద్దగా దారి ఉండదు. కూలి పోతుంది, చేను ఆగదు.

మెడలో ఎముకలు 7. వాటి మీద ఉన్న తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా నిలబడితే ఆ బరువంతా ఎముకల మీదే కుదురుగా కూర్చుంటుంది, కండరాలకు పని తక్కువ. ఊడ్పులో నడుం దగ్గర వంగి, వరస చూసుకోవడానికి తల పైకెత్తుతారు. అప్పుడా 5 కిలోల్ని పట్టి ఉంచాల్సింది మెడ వెనక కండరాలే. కదలకుండా గంటల తరబడి బిగిసి ఉన్న కండరానికి రక్తం సరిగా అందదు, నొప్పి అక్కడ పుడుతుంది. ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి పుర్రె అడుగున, జుట్టు మొదలయ్యే దగ్గర. అక్కడి చిన్న కండరాలు బిగిస్తే నొప్పి నెత్తి మీదకి, కళ్ల వెనక్కి పాకుతుంది, చాలామంది దాన్ని ఎండ తలనొప్పి అనుకుంటారు. రెండోది రెక్క ఎముక పై మూల. మెడ పైభాగంలోని నాలుగు ఎముకల నుంచి అక్కడికి ఒక కండరం దిగుతుంది. నారు పట్టుకున్న చేతి వైపు భుజం రోజంతా కొద్దిగా లేచే ఉంటుంది కాబట్టి ఆ వైపు ఇది ముడి పడుతుంది. వేలితో నొక్కితే గోళీలా తగులుతుంది.

మనవాళ్లు దీన్నే ‘నరం పట్టేసింది’ అంటారు. ఎక్కువసార్లు పట్టేసేది కండరమే, చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నిజంగా నరం నలిగితే నొప్పి మెడలో ఆగదు. భుజం దాటి చేతిలోకి దిగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. బొటనవేలు వైపు తిమ్మిరైతే మెడ నుంచి వచ్చే ఆరో నరం, మధ్యవేలైతే ఏడో నరం, చిటికెన వేలు వైపైతే ఎనిమిదో నరం అని స్థూలంగా లెక్క. ఏ వేలో గుర్తుపెట్టుకుని చెబితే చూసేవారికి సగం పని తగ్గుతుంది. ఇక ఎక్స్‌రేలో ‘అరుగుదల’ అని రాయించుకొచ్చి బెంగపడేవాళ్లకు ఒక మాట: నలభై, యాభై దాటినవారిలో ఏ నొప్పీ లేనివారికి కూడా ఆ అరుగుదల కనిపిస్తుంది. ఫిల్ము చూసి పని మానేయక్కర్లేదు.

ఆకుమడి చల్లిన వారంలో ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. అద్దం ముందు నిలబడి గడ్డం కుడి భుజం వైపు, తర్వాత ఎడమ వైపు తిప్పండి. రెండువైపులా ఒకేలా వెళ్తోందా? తల పైకెత్తి దూలం చూడగలుగుతున్నారా? చొక్కా గుండీలు, జాకెట్ హుక్కులు మునుపటిలాగే పెట్టుకోగలుగుతున్నారా? గట్టు మీద అడుగు తడబడుతోందా? తిరగడం కాస్త తగ్గితే కింద చెప్పిన కసరత్తులతో దారికొస్తుంది. వేళ్లు మొరటెక్కి గుండీలు జారుతున్నా, నడక తూలుతున్నా అది వెన్నుపాము నలుగుతున్న గుర్తు కావచ్చు. ఏ చేతి వైద్యానికీ (చేతులతో కండరాలు, కీళ్లు సడలించే వైద్యం) వెళ్లకుండా నేరుగా ఎముకల డాక్టర్‌నో నరాల డాక్టర్‌నో కలవాలి.

కసరత్తులు మూడు చాలు. గోడకు వీపు ఆనించి, గడ్డం కిందికి దించకుండా తలను తిన్నగా వెనక్కి లాగి గోడకు ఆనించండి. 5 సెకన్లు ఉంచి వదలండి, 10 సార్లు. రెండోది: అరచెయ్యి నుదుటికి పెట్టి తలతో నెట్టండి, తల మాత్రం కదలకూడదు. ఉన్న బలంలో మూడోవంతు చాలు, 5 సెకన్లు. అలాగే వెనక, కుడి, ఎడమ, ఒక్కో వైపు 5 సార్లు. మూడోది: మోచేతులు వెనక్కి తీసి రెండు రెక్క ఎముకల్ని దగ్గరకు నొక్కండి, 10 సార్లు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. తలను గిర్రున గుండ్రంగా తిప్పడం మానేయండి. పెద్దవయసువారికి దాంతో కళ్లు తిరుగుతాయి తప్ప కలిసొచ్చేది లేదు.

పోయిన దాళ్వా (రెండో పంట) నుంచే నొప్పి మిగిలి ఉన్నవాళ్లు ఈ నెలలోనే చేతి వైద్యం చేయించుకోవాలి. ఆస్టియోపతి అలాంటిదే. అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు 1874లో దీన్ని ప్రతిపాదించి, 1892లో మిస్సోరి రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు. ఇక్కడ ఎక్కువగా ఫిజియోథెరపిస్టులే ఈ పద్ధతులు అదనంగా నేర్చుకుని చేస్తున్నారు. కాబట్టి బోర్డు చూసి ఊరుకోకుండా ఫిజియోథెరపీ డిగ్రీ ఉందా, ఈ శిక్షణ ఎక్కడ తీసుకున్నారు అని అడగండి. తెలిసినవారు నొచ్చుకోరు.

మంచి చేతి వైద్యుడు ముందు మెడ ముట్టుకోడు. ఎప్పట్నుంచి, ఏ పనిలో, రాత్రి నిద్ర పడుతోందా, ఏ మాత్రలు వాడుతున్నారు అని అడుగుతాడు. బీపీ చూస్తాడు. మెడ కంటే ముందు వీపు పైభాగం, మెడ కింది మొదటి పక్కటెముక చూస్తాడు, ఎందుకంటే వీపు బిగిసి ఉంటే ఆ కదలిక కూడా మెడే ఇవ్వాల్సి వస్తుంది. తర్వాత మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, పుర్రె అడుగున వేళ్ల కొసలు పెట్టి తల బరువు వాటి మీదే వదిలేయమంటాడు. రెండు మూడు నిమిషాల్లో కింద కండరం వెన్నలా మెత్తబడటం మీకే తెలుస్తుంది. రెక్క మూల కండరానికైతే తలను రెండోవైపు తిప్పి, కొద్దిగా వంచి, ఎక్కడ బిగువు మొదలైందో అక్కడ ఆపుతాడు. ‘నా చేతిని మెల్లగా నెట్టండి’ అంటాడు. పావు బలంతో 5 సెకన్లు నెట్టి వదిలేస్తే, ఊపిరి వదిలే వేళ తల ఇంకాస్త ముందుకు వెళ్తుంది. ఇలా మూడు నుంచి అయిదు సార్లు. మరో పద్ధతిలో నొప్పి బిందువును నొక్కి పట్టి, నొప్పి తగ్గే భంగిమలో తలను 90 సెకన్లు ఉంచి నెమ్మదిగా వెనక్కి తెస్తారు. ఇందులో ఎక్కడా విసురు లేదు, నొప్పి లేదు.

దీనివల్ల వచ్చే ఉపశమనం కొద్ది కాలానిది. కండరం సడలిన ఆ రోజుల్లో పై కసరత్తులు చేస్తేనే నిలుస్తుంది. చేయించుకున్నాక ఒకటి రెండు రోజులు కాస్త ఒళ్లు పులిసినట్టు నొప్పిగా ఉండొచ్చు, ఆ రోజు తలమోత వద్దు. అందుకే ఊడ్పుల ముందురోజు వెళ్లకండి, రెండు మూడు వారాల ముందే వెళ్లండి. మూడు నాలుగు సిట్టింగులకు మార్పేమీ లేకపోతే అదే చేయించుకుంటూ డబ్బు పోసుకోవద్దు, కారణం మళ్లీ వెతకాలి.

మెడ ‘టక్’మనేలా విరవడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడ విరిపించుకోవడం మన ఊళ్లలో అలవాటు. ఆ శబ్దం ఎముక చోటుకి చేరినదీ కాదు, నరం వదిలినదీ కాదు, కీలులోని ద్రవంలో ఏర్పడే గాలి బుడగది. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు రక్తనాళాలు మెడ ఎముకల పక్క రంధ్రాల్లోంచే పైకి వెళ్తాయి, పుర్రె కింద ఒక్కసారిగా మెలిక తిరుగుతాయి. హఠాత్తుగా మెలితిప్పితే వాటి లోపలి పొర చిరిగి, గడ్డ కట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే తిరిగి తెచ్చుకోలేనిది. కీళ్లవాతం (రుమటాయిడ్) ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, కొబ్బరి చెట్టు మీంచో బండి మీంచో పడినవాళ్లు ఎవరి చేతా మెడ విరిపించుకోకూడదు. నేర్చినవాడి చేత కూడా.

ఇక చేలో. ఎక్కువ మెడలు పాడయ్యేది తలమోత దగ్గర. పీకిన నారు వేర్లకు బురద పట్టి ఉంటుంది, నీరు కారుతూ ఉంటుంది. అలాగే తలకెత్తితే ఆ మట్టి, నీటి బరువు కూడా మెడ మీదే. వేర్లు కాలువలో ఆడించి, కట్టల్ని గట్టు మీద కాసేపు ఉంచితే తేలికవుతాయి. చుట్టకుదురు తల నడినెత్తిన, చదునుగా ఉండాలి. పక్కకి జారిన చుట్టకుదురుతో నడిస్తే అడుగడుక్కీ మెడ ఒకవైపే లాగుతుంది. ఎత్తేటప్పుడు ఇంకొకరిని పిలవండి: ‘వదినా, ఓ చెయ్యెయ్యి’ అనడానికి మొహమాటం దేనికి? దించేటప్పుడు కూడా ఇద్దరే. మెడ మీద హఠాత్తు దెబ్బ పడేది జారే గట్టు మీద కాలు తప్పినప్పుడు, కాబట్టి రెండు చిన్న మోతలు ఒక పెద్ద మోత కన్నా మేలు. ముఠా మేస్త్రీలు మోత, ఆకుతీత, నాటు మధ్య మనుషుల్ని పూటకోసారి మారుస్తూ ఉండాలి. నాటేటప్పుడు అరగంటకోసారి లేచి, నడుం మీద చేతులు పెట్టి వెనక్కి వాలి, గడ్డం లోపలికి లాగి, పది ఊపిర్లు తీయండి. ఎరువు, మందు కొట్టేవాళ్లకు 16 లీటర్ల స్ప్రేయర్ అంటే నీళ్లే 16 కిలోలు. పట్టీలు రెండు భుజాలకూ తగిలించండి, మెడ నొప్పి ఉన్న రోజు సగమే నింపండి.

రాత్రి బోర్లా పడుకోవద్దు. పక్కకి తిరిగి పడుకుంటే దిండు ఎత్తు భుజం వెడల్పుకు సరిపోవాలి, వెల్లకిలా అయితే పల్చని దిండు చాలు. ఉప్పు మూటో ఇసుక మూటో కాపడం 15 నిమిషాలు, ముందు మోచేతి మీద వేడి చూసుకుని. సుగర్ ఉండి చర్మం స్పర్శ తగ్గినవాళ్లకు ఇంకొకరు చూడాలి, బొబ్బలెక్కినా తెలీదు. బామ్ రాసిన చోట కాపడం వద్దు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా డైక్లోఫినాక్ ఇంజక్షన్లు, బిళ్లలు రోజూ వాడితే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. కడుపులో పుండు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. మెడ పట్టీ ఒకటి రెండు రోజులకు మించి కట్టుకుంటే కండరం నీరసిస్తుంది.

పడ్డాక వచ్చిన మెడ నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, రాత్రుళ్లు పడుకున్నా తగ్గకుండా వారాల తరబడి ఉండే నొప్పి, చెయ్యి బలం పడిపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం: వీటిలో ఏదున్నా అదే రోజు ఆసుపత్రి. ఎప్పుడూ లేని తీవ్రమైన మెడ నొప్పితో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మూతి వంకరపోయినా, ఛాతీ నుంచి దవడకు నొప్పి పాకినా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా మెడ ఎవరినీ పిసకనివ్వకండి, తాగడానికి ఏమీ ఇవ్వకండి, నొప్పి ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి.