గ్యాస్ గీజర్ ఉన్నోళ్లు చలికాలం ముందే ఒకసారి ఇవి చూస్కోండి

కార్తీకమాసం వచ్చిందంటే మా ఇంట్లో తెల్లారుజామున నాలుగున్నరకే గీజర్ టక్ టక్ టక్ భుస్ అని వెలిగే సౌండ్ మొదలవుతుంది, ఇక సంక్రాంతి దాకా ఆగదు. హైదరాబాద్‌లో చలేంటి అనేవాళ్లు డిసెంబర్ పొద్దున పటాన్‌చెరు వైపో రాజేంద్రనగర్ వైపో ఒక్కసారి బండి మీద వెళ్లి రండి తెలుస్తుంది. కరెంట్ బిల్లుకి భయపడో, నలుగురు వరసగా స్నానాలు చేసి ఆఫీసులకి స్కూళ్లకి పరిగెత్తాలి కాబట్టో చాలామంది గ్యాస్ గీజరే పెట్టించుకుంటారు, మేమూ అంతే. అయ్యప్ప మాల వేసుకున్నోళ్లకి ఈ గొడవే లేదు, చన్నీళ్లే కాబట్టి హాయి. గీజర్ మీద నాకేం కోపం లేదు, దాన్ని తీస్కెళ్లి బాత్రూం లోపల గోడకి కొట్టించేవాళ్ల మీదే నా కోపమంతా.

మా పిన్ని వాళ్లు మూసాపేటలో అద్దెకుండేవాళ్లు. ఆవిడకి తలస్నానం చేసినప్పుడల్లా తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం. జుట్టు తడి ఆరట్లేదు అందుకే అని సాంబ్రాణి పొగ వేసుకునేది, ఉపవాసం వల్లేమో అని ఒకళ్లు, బీపీ ఏమో అని ఇంకొకళ్లు, బీపీ చూపిస్తే నార్మల్. మామూలు రోజుల్లో మాత్రం ఏమీ ఉండదు. ఒక శుక్రవారం తలుపు గడియ తీసి బయటికొచ్చి గుమ్మంలోనే కూలబడిపోయింది, అప్పుడు గానీ బాబాయ్‌కి వెలగలేదు, మామూలు స్నానానికి గీజర్ ఐదు నిమిషాలు మండితే తలస్నానానికి ఇరవై నిమిషాలు మండుతోంది, పైగా చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌కి అట్టముక్క పెట్టి మూసేసింది తనే. డాక్టర్ దగ్గర కూడా పిన్ని ఒకటే మాట, "గ్యాస్ వాసన ఏం రాలేదండీ".

అక్కడే అందరం పప్పులో కాలేస్తాం. సిలిండర్ గ్యాస్‌కి అసలు సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే కంపు మందు కలుపుతారు. గ్యాస్ కాలిపోతే ఆ కంపు కూడా కాలిపోతుంది. కాలడానికి గాలి చాలకపోతే అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్, దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుపోతుంది. మనిషికి ముందు తలనొప్పి, తర్వాత మత్తు, తర్వాత కాళ్లలో బలం ఉండదు, తలుపు దాకా పోదామన్నా పోలేరు.

రఫ్‌గా లెక్కేసి చూడండి. 6 లీటర్ల గీజర్ (అంటే నిమిషానికి 6 లీటర్ల నీళ్లు వేడి చేసేది) ఫుల్లుగా మండితే వంటింట్లో నాలుగైదు పొయ్యిలు ఒకేసారి పెద్ద మంట మీద పెట్టినంత, నిమిషానికి సుమారు 200 లీటర్ల గాలి కావాలి దానికి. మన ఫ్లాట్లలో బాత్రూం 5 అడుగులు 7 అడుగులు, ఎత్తు 8 అడుగులు అనుకుంటే లోపల ఉండే గాలే మొత్తం 8000 లీటర్లు. అంటే పది నిమిషాల్లో ఆ గదిలో గాలి నాలుగో వంతు గీజరే వాడేసింది, వాడి వదిలిన పొగ మళ్లీ అదే గదిలో ఉంది, మనం అందులోనే నిలబడి షాంపూ రుద్దుకుంటున్నాం. భోగి రోజు చుట్టాలొచ్చి ఒకరి తర్వాత ఒకరు గ్యాప్ లేకుండా తలంట్లు పోసుకుంటే చివర్లో వెళ్లేవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం, ఆ చివరివాళ్లు మామూలుగా ఇంటి ఆడవాళ్లే అవుతారు.

అందుకే గీజర్ బయట ఉండాలి, వాష్ ఏరియాలోనో బాల్కనీలోనో, నీళ్ల పైపు ఒక్కటే లోపలికి రావాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అనకండి, కింద నుంచి గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ వేస్తే అది గీజర్ పొగని గదిలోకే వెనక్కి లాగే ఛాన్స్ ఉంది. బాల్కనీ అన్నాను కదా అని దాన్ని మొత్తం అద్దాలతో మూయించేస్తే అది కూడా ఇంకో బాత్రూమే. పావురాల నెట్ వేస్కుంటే ఇబ్బంది లేదు, నిజానికి వేస్కోవాలి కూడా, ఎందుకంటే మన సిటీ పావురాలు వేసవంతా వాడని గీజర్ పైన పుల్లలు పెట్టి కాపురం పెట్టేస్తాయి, పైన పొగ పోయే సందు మూసుకుపోతుంది. సీజన్‌లో మొదటిసారి వెలిగించే ముందు టార్చ్ వేసి పైన చూడండి, పుల్లలు, ఈకలు, మసి ఏదున్నా క్లీన్ చేయించాకే ఆన్ చేయండి.

వెలిగాక మంట చూడండి. నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు నాలుకల్లాగా ఊగుతుంటే, పైన నల్లటి మసి పడుతుంటే గాలి చాలట్లేదనో బర్నర్‌లో దుమ్ము చేరిందనో లెక్క, ఆపేసి మెకానిక్‌ని పిలవడమే. మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు, వాడింట్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్‌లో (చలికి గది వెచ్చగా ఉండాలని పెట్టుకునే, ముందు అద్దం ఉన్న పొయ్యి) మంట పసుప్పచ్చగానే ఉంటుంది మరి అని అడిగాడు ఈ మాట చెప్తే. అది వేరే, కట్టెలు మండుతున్నట్టు కనపడాలని కావాలనే అలా చేస్తారు, అక్కడ చూడాల్సింది అద్దం మీద మసి పేరుకుంటోందా అని, ఏటా ఒకసారి సర్వీస్ అయిందా అని. మనవల్ని చూడ్డానికి వెళ్లే పెద్దవాళ్లకి ఇంకో మాట, ఆ అద్దం మంట ఆర్పాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వకండి.

ఇక అడ్జస్ట్ చేసే సంగతి. మనం తిప్పదగ్గవి ముందున్న నాబ్‌లే, గ్యాస్‌ది, నీళ్లది, కొన్నిట్లో వింటర్ సమ్మర్ అని ఇంకోటి. నీళ్ల ధార తగ్గితే వేడి పెరుగుతుంది, ఇది చాలామందికి తెలీదు, మీరు స్నానం చేస్తుండగా వంటింట్లో ఎవరైనా కుళాయి తిప్పితే ఇక్కడ ధార సన్నబడి నీళ్లు సలసలా వస్తాయి. అందుకే గ్యాస్ నాబ్ తక్కువలో మొదలుపెట్టండి, పిల్లలకైతే షవర్ వద్దు, బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి తర్వాత వేడినీళ్లు కలిపి చెయ్యి పెట్టి చూసి పోయండి. వెలగకపోతే ముందు బ్యాటరీలు మార్చి చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తర్వాత నీళ్లొచ్చే దగ్గర చిన్న జాలీ ఉంటుంది, బోరు నీళ్ల వాళ్లకైతే అది సున్నంతో, ఇసుకతో నిండిపోయి ఉంటుంది. అదీ కాకపోతే పై అంతస్తువాళ్లకి ట్యాంక్ దగ్గరగా ఉండి ప్రెషర్ చాలకపోవడం.

మూత విప్పి లోపల జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రాల ముక్కలు), స్క్రూలు మాత్రం ముట్టుకోవద్దు. మా దగ్గరికి ఒక మెకానిక్ వచ్చి సార్ ఈ సెన్సార్ ఊకె ట్రిప్ అవుతోంది, తీసేసి డైరెక్ట్ చేసేస్తా 300 ఇవ్వండి అన్నాడు. మంట ఆరిపోతే గ్యాస్ ఆపేది ఆ సెన్సారే, దాన్ని డైరెక్ట్ చేయడమంటే ఏంటో అతనికి తెలుసో లేదో గానీ టీ ఇచ్చి పంపించేశాం. అలాగే కొత్తగా పైపు గ్యాస్ వచ్చిన కాలనీలవాళ్లు సిలిండర్ గీజర్‌నే దానికి తగిలించొద్దు, ప్రెషర్ వేరు, జెట్ సైజు వేరు, కంపెనీ మనిషితో మార్పించుకోండి, లేదా దానికి తగ్గ గీజర్ కొనుక్కోండి. హోటళ్లవాళ్లు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ ఇంటి గీజర్‌కి పెట్టారంటే ఇక నేను చెప్పేదేం లేదు.

రబ్బర్ పైపు 5 ఏళ్లకోసారి మార్చాలి, చీలిక కనపడితే ఇంకా ముందే. గోడలోంచి రబ్బర్ పైపు దూర్చొద్దు, అక్కడ మెటల్ పైపే. జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లు రాస్తే బుడగలొస్తే లీకు, అగ్గిపుల్లతో చెక్ చేసే వీరులు ఇంకా ఉన్నారు మన బంధువుల్లోనే. నిజంగా వాసనొస్తే స్విచ్ ఏదీ వేయొద్దు, ఉన్నది ఆపొద్దు కూడా, రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరిచి బయటికొచ్చి గ్యాస్ లీక్ ఎమర్జెన్సీ నంబర్ 1906కి ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది, కాబట్టి పై కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు.

డిటెక్టర్ కొనేవాళ్లు బాక్స్ మీద చదివి కొనండి, గ్యాస్ లీక్ చూసేది వేరు, కార్బన్ మోనాక్సైడ్ చూసేది వేరు. మొదటిది నేలకి దగ్గరగా, రెండోది మన ముక్కు ఎత్తులో పెట్టాలి.

ఇంకా గీజర్ లోపలే ఉన్నోళ్లు, ఓనర్ ఒప్పుకోవట్లేదు అనేవాళ్లు, కనీసం ఇలా చేయండి: తలుపు తెరిచి గీజర్ వేసి బకెట్లు నింపుకోండి, ఆపేయండి, కాసేపు గాలి ఆడనివ్వండి, అప్పుడు వెళ్లి స్నానం చేయండి. పెద్దవాళ్లు లోపల గడియ పెట్టుకోవద్దు. లోపలున్న మనిషి పలకకపోతే సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేసి, తలుపు తీసి మనిషిని వెంటనే బయటి గాలికి లాగండి, మీరు లోపల నిలబడొద్దు, 108కి ఫోన్ చేసి గ్యాస్ గీజర్ అని ఆ మాట తప్పకుండా చెప్పండి. కరోనా టైంలో కొన్న వేలి ఆక్సీమీటర్ పెట్టి 98 ఉంది పర్లేదు అనుకోకండి, ఆ మెషిన్‌కి ఆక్సిజన్‌కీ కార్బన్ మోనాక్సైడ్‌కీ తేడా తెలీదు, రీడింగ్ మామూలుగానే చూపిస్తుంది.

పిన్ని వాళ్లు ఓనర్‌తో గొడవపడి గీజర్‌ని వెనక వాష్ ఏరియాలోకి మార్పించారు, తలనొప్పి మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆవిడ కంప్లైంట్ ఒకటే, వేడినీళ్లు పైపులోంచి బాత్రూం దాకా వచ్చేసరికి అర బకెట్ చన్నీళ్లు పోతున్నాయట. అవి తులసికోటకీ మల్లెచెట్టుకీ పోస్తోంది.