సింహం జూలులో చిలుము: తుడిచినా మళ్లీ ఎందుకొస్తుంది?

సమస్య: బ్రిటిష్ పదాతిదళ అధికారుల 1803 నమూనా వంపు కత్తికీ, 1827 నమూనా నౌకాదళ కత్తికీ పిడి చివర సింహం తల ఉంటుంది. ఇత్తడి మీద బంగారు పూత. జూలు గాడుల్లో, మెడ కింద పిడికి చుట్టిన తోలు మొదలయ్యే చోట ఆకుపచ్చగా చిలుము పడుతుంది. తుడిస్తే పోతుంది, కొన్నాళ్లకి మళ్లీ అక్కడే వస్తుంది.

ముందు టూత్‌పిక్ కొనతో ఆ పచ్చదనాన్ని కాస్త కదిపి చూడండి. పొడిగా రాలిందా, మైనంలా పుల్లకి అంటుకుందా? తలంతా ఉందా, తోలు తగిలే చోటే ఉందా? నిమిషం పట్టని ఈ పని వదిలేసి అందరూ నేరుగా పాలిష్ మూత తీస్తారు. దయచేసి అలా చేయకండి.

కారణం: మైనంలా అంటుకుని, తోలు పక్కనే ఉంటే తప్పు తోలుది. తోలు తయారీలో పట్టించిన కొవ్వు, మెత్తబడాలని తర్వాతివాళ్లు రాసిన నూనె ఏళ్లు గడిచేకొద్దీ ఆమ్లాలుగా మారతాయి. అవి ఇత్తడిలోని రాగితో కలిసి పచ్చటి సబ్బులాంటి ముద్ద కడతాయి. తోలులో కొవ్వు ఉన్నంతకాలం అది ఊరుతూనే ఉంటుంది.

దీనితో నేను బాగా దెబ్బతిన్నాను. ఒక 1803 కత్తికి జూలంతా శుభ్రం చేసి, తోలు ఎండినట్టుందని నూనె పట్టించాను. మూడు నెలలకి తీసి చూస్తే చెవి వెనక, దవడ కింద, పేరుకున్న నెయ్యిలా పచ్చ ముద్ద, ముందుకన్నా ఎక్కువ. మేత నేనే పెట్టానన్నమాట. పైగా పాలిష్‌తో రుద్దిన ముక్కు మీద పూత పోయి ఇత్తడి బయటపడింది. అది బంగారాన్ని పాదరసంలో కలిపి రాసి, వేడిచేసి పాదరసాన్ని ఆవిరి చేసి వేసిన పూత. ఇప్పటికీ ఆ ముక్కు నా కళ్లలో మెదులుతుంది.

చింతపండు రుద్దవచ్చా అని అడుగుతుంటారు. బిందెకైతే సరే, దాని మీద పూత లేదు. ఇక్కడ పులుపు పూతలోని సన్న రంధ్రాల్లోంచి దిగి కింద ఇత్తడిని తింటుంది.

పరిష్కారం: భూతద్దం పెట్టుకుని, ముద్దని చెక్కపుల్లతో ఎత్తండి. మిగిలిన జిడ్డుని వైట్ స్పిరిట్‌లో (పెయింట్‌ని పల్చన చేసే ద్రావకం) తడిపి పిండేసిన ఇయర్‌బడ్‌తో, రుద్దకుండా దొర్లిస్తూ తీయండి. తోలుకి తడి తగలనివ్వకండి. జర్మన్ సామ్రాజ్య నౌకాదళ కత్తుల సింహాలకి ఒక కన్ను ఎరుపు, ఒకటి ఆకుపచ్చ గాజు ఉంటాయి. అలాంటి కళ్ల దగ్గరికి ద్రవం పోనివ్వకండి, అంటించిన జిగురు ఊడిపోవచ్చు. చివర్లో లోహానికి మాత్రమే పల్చగా మైక్రోక్రిస్టలైన్ మైనం పూసి, మెత్తటి బ్రష్‌తో జూలులోకి పంపండి. తోలుకి ఇక నూనె వద్దు. కత్తిని తోలు ఒరలో కాకుండా బయట పెట్టండి, ఆర్నెల్లకోసారి మెడ కింద చూడండి.

లేత పచ్చ పొడి రాలి, కింద గుంటలు కనిపించి, రోజుల్లోనే తిరిగొస్తే అది కంచు రోగం, అంటే క్లోరైడ్ లవణాల వల్ల రాగి లోహాలు లోపల్నుంచి తినుకుపోవడం. ఎక్కువగా తవ్వకాల్లో దొరికిన వస్తువులకే వస్తుంది, మ్యూజియం పని తెలిసినవాళ్లకి ఇవ్వండి. పిడి గలగలలాడుతుంటే చాలాసార్లు గార్డు (చేతికి అడ్డుగా ఉండే లోహపు భాగం) దగ్గర తోలు బిళ్ల ఎండి కుంచించుకుపోవడమే కారణం. బిగిద్దామని సింహం నెత్తి మీద సుత్తి మాత్రం వేయకండి.