చర్చల గోడ, మూడో పాఠం: బోర్డును అడ్డంగా చదవడం

ప్రభుత్వ కొనుగోళ్లలో సరఫరాదారులతో జరిపే చర్చలను గోడ మీద బోర్డు పెట్టి నడపడం గురించి ఈ పాఠాలు. రెండో పాఠంలో ఇచ్చిన పని పూర్తిచేసి ఉంటే ఈపాటికి మీ గోడ మీద ఒక పట్టిక ఉండాలి. ఎడమ పక్కన పై నుంచి కిందికి చర్చించాల్సిన అంశాలు, పై వరసలో సరఫరాదారులు, గడికొక చీటీ. కంపెనీల పేర్లు రాయకుండా క, చ, ట అని అక్షరాలు వాడమన్నాను. పేర్లే రాసుకున్నవాళ్లు ఉంటే చదవడం ఆపి ముందు అవి మార్చి రండి. ఎందుకో కాసేపట్లో నా సొంత తలనొప్పి ఒకటి చెబుతాను.

ఆ పట్టికలో కొన్ని గడులకు నల్ల టేపు అంటించాం, గుర్తుందా? కనీస అవసరాలు, మార్కులు వేసే ప్రమాణాలు, వాటి వెయిటేజీ. టెండరు పత్రాల్లో ఒకసారి చెప్పేశాక వీటి మీద బేరం ఉండదు. యూరోపియన్ యూనియన్ ప్రభుత్వ కొనుగోళ్ల ఆదేశం (2014/24) 29వ అధికరణం కనీస అవసరాలు, ప్రమాణాల విషయంలో ఈ మాట నేరుగా చెబుతుంది. మీరు పనిచేసే చోట అసలు చర్చలకు ఎంత అనుమతి ఉందో మొదటి పాఠంలో చూసుకున్నారు కదా. కొన్నిచోట్ల అందరికంటే తక్కువ ధర ఇచ్చినవాళ్లతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడే వీలు లేదు. అలాంటివాళ్లకు ఈ పాఠంలో సగమే పనికొస్తుంది, ఆ సగం మాత్రం గట్టిగానే పనికొస్తుంది.

ఈసారి నేర్చుకునేది ఒక్కటే: బోర్డును చదవడం. గీయడం రాని వాళ్లు ఎవరూ ఉండరు. చదవడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

ఒక చీటీని దగ్గరగా చూద్దాం

కార్యాలయ భవనాల్లో లిఫ్టుల నిర్వహణ కాంట్రాక్టు అనుకోండి. ముగ్గురు సరఫరాదారులు చర్చల దశకు వచ్చారు. 14వ వరస: లిఫ్టు ఆగిపోయిందని చెప్పాక మెకానిక్ ఎంతసేపట్లో రావాలి? కనీస అవసరం 120 నిమిషాలు, అది నల్ల టేపు గడి. అంతకంటే త్వరగా వస్తామంటే 15 మార్కుల దాకా ఉన్నాయి. 60 నిమిషాలకు వస్తే పూర్తి 15.

మొదటి విడత మాటలయ్యాక ఆ వరస ఇలా తయారైంది.

క గడిలో: "90 నిమిషాలు. తగ్గించడం కష్టం అంటున్నారు."

చ గడిలో: "60 నిమిషాలు. ముఖ్యమైన విడిభాగాలు మన భవనంలోనే ఉంచుకుంటారట."

ట గడిలో: "ఆఫరు 100 నిమిషాలు. ప్రశ్న: గడియారం ఎప్పుడు మొదలు? ఫోను చేసినప్పుడా, ఫిర్యాదు సిస్టంలో నమోదైనప్పుడా?"

చాలా టీములు ఇక్కడ నిలువుగా చదువుతాయి. క ఎలా ఉన్నాడు, చ ఎలా ఉన్నాడు, ట ఎలా ఉన్నాడు అని. బేరం చేసేవాడి కన్ను సహజంగా అలాగే పోతుంది. చ ముందున్నాడని సంబరపడి, క దగ్గరకు వెళ్లి "కాస్త తగ్గించండి" అని అడుగుతారు. ట అడిగిన ప్రశ్నకు ఫోన్లో "సిస్టంలో నమోదైనప్పటి నుంచి" అని చెప్పేసి చీటీ తీసేస్తారు.

ఇప్పుడు అదే వరసను ఎడమ నుంచి కుడికి చదవండి. ట అడిగిన ప్రశ్న అసలు ట ఒక్కడిది కాదు. మన స్పెసిఫికేషన్‌లోనే ఒక కన్నం ఉంది, దాన్ని ట పట్టుకున్నాడు. గడియారం ఎప్పుడు మొదలవుతుందో తెలిస్తే క చెప్పిన 90 కూడా మారొచ్చు, చ చెప్పిన 60 కూడా మారొచ్చు. అందుకే ఆ జవాబు ఒకే రోజు, ఒకే మాటల్లో, రాతపూర్వకంగా ముగ్గురికీ వెళ్లాలి. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్ట సంఘం 2011లో చేసిన నమూనా చట్టంలో పోటీ చర్చల గురించి 51వ అధికరణం ఉంది. చర్చల్లో ఒక సరఫరాదారుకు ఇచ్చిన సమాచారం మిగతావాళ్లకూ సమానంగా అందాలని అందులో ఉంది. గోడ మీద ఈ పని చాలా తేలిక: ప్రశ్న చీటీని ట గడిలోంచి తీసి, మూడు గడుల మీదుగా పడేలా ఒక పొడుగు పట్టీగా మార్చి అంటించండి. మూడు గడుల్లోనూ "పంపాం, ఫలానా తేదీ" అన్న టిక్ పడేదాకా అది అక్కడే ఉంటుంది.

చ గడి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. విడిభాగాలు భవనంలోనే ఉంచడం అన్నది చ సొంత ఆలోచన. అది క చెవిన పడకూడదు. ఇక్కడ పొరపాటు ఎప్పుడూ దొంగతనంలా జరగదు, మంచితనంలా జరుగుతుంది. క ముందు కూర్చుని, అతనికి సాయం చేస్తున్నామనుకుని, "సామాన్లు ఇక్కడే పెట్టుకుంటే త్వరగా అవదా?" అని నోరు జారుతారు. అడిగిన తీరు ప్రశ్నలా ఉన్నా ఇచ్చింది చ తెలివే. అడగాలంటే "ఈ సమయం తగ్గాలంటే మీ దగ్గర ఏ దారి ఉంది?" అని అడగాలి, అదీ ముగ్గురినీ అడగాలి.

అందుకని చీటీలకు రెండు రకాల అంచులు పెట్టండి. మన అవసరాన్ని వివరించే చీటీకి అలల అంచు: అది అందరికీ పారాలి. సరఫరాదారు సొంత పరిష్కారానికి, ధరకు పెట్టె అంచు: అది ఆ గడి దాటదు. రంగులు వాడొచ్చు కదా అంటారు. వాడండి, కానీ రంగును మాత్రమే నమ్ముకోవద్దు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, అంత అరుదేమీ కాదు. బోర్డును ఫోటో తీసి నలుపు తెలుపులో ప్రింటు తీస్తే రంగు ఎలాగూ ఎగిరిపోతుంది. ఫైల్లో మిగిలేది ఆ ప్రింటే.

నిమిషానికి విలువ ఎంత

బోర్డు కుడి పై మూలలో ఒక చిన్న చీటీ పెట్టుకోమని నా సలహా. దాన్ని నేను మారకం చీటీ అంటాను. ఏ అంశం మీద కష్టపడితే ఎంత ఫలితమో అది చెబుతుంది.

పై ఉదాహరణలో 120 నుంచి 60కి తగ్గితే 15 మార్కులు. అంటే ప్రతి 4 నిమిషాలకు ఒక మార్కు. ధరకు 60 మార్కులు ఉన్నాయనుకుందాం. లెక్క మామూలుదే: అతి తక్కువ ధరను ఆ సరఫరాదారు ధరతో భాగించి 60తో గుణించాలి. తక్కువ ధరను 100 అనుకుంటే, 108 చెప్పినవాడికి 55.56 వస్తాయి. అతను 104కి దిగితే 57.69. నాలుగు పాళ్లు దిగితే రెండు మార్కులకు కాస్త పైన. కాబట్టి చీటీ మీద: "1 మార్కు = 4 నిమిషాలు = ధరలో సుమారు 2 శాతం".

ఇప్పుడు 14వ వరసలో క దగ్గర మిగిలిన 30 నిమిషాలు చూడండి. ఏడున్నర మార్కులు! అదే క ధర మీద అరగంట పోట్లాడి ఒక శాతం తగ్గించినా వచ్చేది అంతంతమాత్రం. చర్చల గదిలో ఎక్కువ సమయం ధరకే పోతుంది, ఎందుకంటే ధర అందరికీ అర్థమవుతుంది. మారకం చీటీ ఉంటే కనీసం సమయం ఎటు పోతోందో మనకు తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. తక్కువ ధర ఇచ్చినవాడు ఇంకా దిగితే అందరి మార్కులూ కదులుతాయి. 100 కాస్తా 96 అయితే 108 వాడి మార్కు 53.33కి పడిపోతుంది, అతను వేలు కదపకుండానే. అందుకని మారకం చీటీ మీద తేదీ వేయండి, విడత విడతకూ తిరిగి లెక్కకట్టండి. రెండోది, మొత్తం మార్కులు మాత్రం గోడ మీద రాయొద్దు. రాసిన మరుక్షణం టీము మనసులో గెలిచినవాడు ఖాయమైపోతాడు, మిగతా ఇద్దరితో మాటలు మొక్కుబడిగా మారతాయి. అసలు మార్కులు తుది ఆఫర్లకే పడతాయి.

గోడ ఎటు చూస్తోంది

చెబుతానన్న తలనొప్పి ఇది. ఒకప్పుడు నేను పనిచేసిన కార్యాలయంలో చర్చల బోర్డు చక్కగా కంపెనీల పేర్లతో, సమావేశాల గదిలోనే వేలాడేది. ఒక రోజు ఒక సరఫరాదారు ప్రతినిధి అరగంట ముందే వచ్చారు. వేరే గది ఖాళీ లేక, పాపం నిలబెట్టడం ఎందుకని, మా వాళ్లు ఆయన్ను అదే గదిలో కూర్చోబెట్టారు. నేను లోపలికి వెళ్లేసరికి ఆయన నవ్వుతూ అన్నారు, "మీ బోర్డు చాలా బాగుందండీ, అంతా వివరంగా ఉంది" అని.

నాకు కాళ్ల కింద నేల కదిలింది. ఆయన ఎంత చూశారో మేం ఎప్పటికీ నిరూపించలేం. జరిగింది ఫైల్లో రాసి, లీగల్ వాళ్లకు చెప్పి, ఆ విడత రద్దుచేసి, అందరినీ మళ్లీ రాతపూర్వకంగా ఆఫర్లు అడిగాం. మూడు వారాలు పోయాయి. ఆ మూడు వారాల టెన్షన్ నాకు ఈ పాఠం రాయడానికి పెట్టుబడి.

పనిని ఇలా గోడ మీద కళ్లకు కనిపించేలా పెట్టి నడపడాన్ని విజువల్ మేనేజ్‌మెంట్ అంటారు, అది ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. టయోటాలో 1990లలో మొదటి ప్రియస్ కారు పని నడిచినప్పుడు "ఒబెయా", అంటే పెద్ద గది, అనే పద్ధతి పేరుపొందింది. అన్ని విభాగాలవాళ్లూ ఒక గదిలో, పని మొత్తం గోడల మీద. అక్కడ గోడ ఉన్నదే దాపరికం లేకుండా చేయడానికి. మనకు మాత్రం సగం దాపరికాన్ని చట్టమే అడుగుతుంది. కాబట్టి ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి తగిలిస్తే నాకైనట్టే అవుతుంది.

రెండు గోడలు పెట్టుకోండి. చర్చల గదిలో ఉండే గోడ మీద ఏ సరఫరాదారు చూసినా ఫరవాలేనివే ఉండాలి: ఎజెండా, ప్రక్రియ ఏ దశలో ఉంది, అందరికీ ఒకే గడువు, అందరికీ పంపిన వివరణల జాబితా. నిజానికి ఇది వాళ్లకు మంచిది కూడా, తమకూ ఎదుటివాళ్లకూ ఒకే ఆట నడుస్తోందని కళ్లారా చూస్తారు. గడుల పట్టిక వేరే గదిలో, తాళం వెనక. కంప్యూటర్ బోర్డు వాడేవాళ్లకు తాళం అంటే అనుమతుల జాబితా. వీడియో కాల్‌లో మొత్తం స్క్రీన్ షేర్ చేసే అలవాటు మాత్రం మానుకోండి, అది తలుపు బార్లా తెరిచినట్టే.

విడత ముందు పది నిమిషాలు, తర్వాత పదిహేను

ముందు పది నిమిషాలు బోర్డు దగ్గర నిలబడి అడ్డంగా చదవాలి. ఈరోజు క వస్తున్నాడంటే, చ, ట లను ఏ వరసలో ఏం అడిగామో చూసుకుని క కూ అదే అవకాశం ఇస్తున్నామా అని. కూర్చుంటే చర్చ సాగుతుంది, నిలబడే చేయండి.

తర్వాత పదిహేను నిమిషాల్లో చీటీలు మారాలి. మాట్లాడినవాళ్ల చేతికి పెన్ను ఇవ్వొద్దు. "దాదాపు ఒప్పుకున్నాడు" అని రాసేస్తారు. నోట్సు రాసుకున్న మనిషి రాయాలి, సరఫరాదారు అన్న మాటే రాయాలి. చీటీకి వరస నంబరు, తేదీ తప్పనిసరి. జిగురు చీటీలు రాత్రికి రాత్రి ఊడి పడతాయి, పొద్దున్నే ఎవరో మంచి మనసుతో తీసి పక్క గడిలో అంటిస్తారు. నంబరు ఉంటే అది ఎక్కడిదో తెలుస్తుంది.

మారాక ఫోటో తీసి, సమయం వేసి, ఇద్దరు సంతకం చేసి ఫైల్లో పెట్టండి. కానీ బోర్డు రికార్డు కాదు, సమావేశంలో ఎవరేం అన్నారో రాసిపెట్టే మినిట్సే రికార్డు. రెండింటికీ తేడా వస్తే మినిట్స్ చూసి బోర్డును దిద్దాలి. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ముందు అడిగేది ఏ సరఫరాదారుకు ఏం చెప్పారు, ఎప్పుడు చెప్పారు అనే. పొడుగు పట్టీల ఫోటోలు వరసగా ఉంటే ఆ జవాబు ఐదు నిమిషాల పని.

చర్చలు ముగిశాయని అందరికీ ఒకేసారి తెలియజేసి, తుది ఆఫర్లకు ఒకే గడువు ఇచ్చిన రోజున బోర్డు మీద అడ్డంగా ఒక తాడు కట్టేయండి. నమూనా చట్టమైనా, యూరోపియన్ ఆదేశమైనా తుది ఆఫరు వచ్చాక ఇక చర్చ ఉండదనే చెబుతాయి. తాడు ఉన్నా ఎవరో ఒకరు వచ్చి "ఒక్క మాట అడిగేద్దాం" అంటారు, చూడండి.

ఈ వారం పని

మీ కార్యాలయంలో ఇదివరకే ముగిసిపోయిన ఒక చర్చల ఫైలు తీసుకోండి. ఐదు వరసలు చాలు. మినిట్స్, మెయిళ్లు చూసి గడులు నింపండి. నిలువుగా చదవకండి, ఆ ఆట ఎప్పుడో అయిపోయింది. అడ్డంగా చదువుతూ ఖాళీ గడులు లెక్కపెట్టండి: ఒకరిని అడిగి ఇంకొకరిని అడగని ప్రశ్నలు, ఒకరికే వెళ్లిన వివరణలు. ప్రతి ఖాళీ పక్కన కారణం రాయండి. కారణం దొరకని ఖాళీ గడులకు ఎర్రగా సున్నా చుట్టి దాచుకోండి. నాలుగో పాఠం వాటితోనే మొదలవుతుంది, ఆ తర్వాత సరఫరాదారు ఒక్కడే మిగిలినప్పుడు బోర్డులో ఏ గడులు మిగులుతాయో చూస్తాం.