షెల్ లేసు కుదరడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

క్రోషాలో, అంటే కొక్కెం సూదితో అల్లే దారపు అల్లికలో, చెయిన్, సింగిల్, డబుల్ అనే మూల కుట్లు చేతికి వచ్చాక చాలామందికి మనసు పోయేది షెల్ లేసు మీదికే. ఒకే కుట్టులో ఐదు డబుల్స్ వేస్తే అవి విసనకర్రలా విచ్చుకుంటాయి. వరస మీద వరస పడేకొద్దీ ఆ విసనకర్రలు ఒకదాని సందులో ఒకటి కూర్చుంటాయి. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన మన నరసాపురం లేసుకీ ఆధారం ఈ చెయిన్లూ డబుల్సే. కాబట్టి ఇది ఏదో పెద్దవాళ్ళకే వచ్చే విద్య అని జంకక్కర్లేదు.

విశాఖలో మా ఇంటికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళందరికీ మొదటిరోజే ఒక మాట చెబుతాను. ఈ అల్లికలో తప్పు జరిగే చోటు వేరు, కనిపించే చోటు వేరు. మూడో వరసలో షెల్ పక్కకి వాలిందంటే మూడో వరసని విప్పి మళ్ళీ వేసి లాభం లేదు. రెండో వరస చూడాలి. కింద ఇచ్చిన సమస్యల్లో సగం పైగా ఈ చూపుతోనే తేలిపోతాయి.

పోల్చుకోవడానికి లెక్క ఇదీ. ఎనిమిది షెల్స్ వెడల్పుకి 50 చెయిన్లు. సూది నుంచి రెండో చెయిన్‌లో ఒక సింగిల్, రెండు చెయిన్లు వదిలి మూడోదాంట్లో ఐదు డబుల్స్, మళ్ళీ రెండు వదిలి తర్వాతదాంట్లో సింగిల్. ఇలా చివరిదాకా. రెండో వరసకి తిప్పి మూడు చెయిన్లు వేసి, మొదటి సింగిల్‌లోనే రెండు డబుల్స్ వేస్తే అర షెల్ (ఆ మూడు చెయిన్లు ఒక డబుల్ లెక్క). తర్వాత కింది షెల్ నడిమి డబుల్ మీద సింగిల్, కింది సింగిల్ మీద షెల్. చివరి సింగిల్‌లో మూడు డబుల్స్ వేస్తే ఇంకో అర షెల్. మూడో వరసకి ఒక చెయిన్, మొదటి డబుల్ మీద సింగిల్, ఆపైన మొదటి వరసలాగే. సూది 2.5 లేదా 3 మిల్లీమీటర్లు, దారం నాలుగు పోగుల కాటన్, లేత రంగు. నల్ల దారంతో మాత్రం మొదలుపెట్టొద్దు, కుట్లు కనబడక కళ్ళు లాగుతాయి. షాపులో క్రోషా దారం అని అడిగితే ఒక్కోసారి సన్న మెర్సరైజ్డ్ (మెరుపు వచ్చేలా తయారుచేసిన) దారం ఉండ చేతిలో పెడతారు. మెరుపు చూసి తీసుకోవద్దు. దాని మీద ఉండే నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 20 నంబరు దారానికి మిల్లీమీటరు, మిల్లీమీటరుంపావు సూది కావాలి. అది చెయ్యి తిరిగాక చూసుకోవచ్చు.

షెల్ విచ్చుకోవడం లేదు, పొట్టిగా ముద్దగా ఉంది

ముందు మీరు చూస్తున్న ప్యాటర్న్ బ్రిటిష్ పద్ధతిదా, అమెరికన్ పద్ధతిదా చూసుకోండి. బ్రిటిష్ ప్యాటర్న్‌లో డబుల్ అంటే అమెరికన్ ప్యాటర్న్‌లో సింగిల్. బ్రిటిష్ వాళ్ళు ట్రెబుల్ అనేది అమెరికన్లకి డబుల్. పుస్తకం ఒక పద్ధతిలో, వీడియో ఇంకో పద్ధతిలో ఉంటే షెల్ సగం ఎత్తుకే ఆగిపోతుంది. నేను ఇక్కడ అమెరికన్ పేర్లే వాడుతున్నాను. డబుల్ అంటే సూదికి ఒకసారి దారం చుట్టుకుని, కుట్టులోకి దింపి, ఒక లూపు పైకి తెచ్చి, రెండేసి లూపుల చొప్పున రెండుసార్లు లాగేది.

పేరు సరిపోయినా షెల్ పొట్టిగానే ఉంటే కారణం ఆ మొదటి లూపు. సూదిని కుట్టులోకి దింపి దారం పైకి తెచ్చే క్షణంలో చాలామంది సూదిని గుడ్డకి ఆనించేసి ఉంచుతారు. డబుల్ ఎత్తు అక్కడే నిర్ణయమైపోతుంది. లూపుని పైకి తెచ్చాక సూదిని మరో అరసెంటీమీటరు నిటారుగా ఎత్తి, అప్పుడు మిగతా లూపులు లాగండి. ఐదు డబుల్స్‌కీ అదే ఎత్తు ఉండాలి. షెల్ ఒకపక్క ఎత్తుగా, ఇంకోపక్క కిందికి ఉందంటే నాలుగో డబుల్‌కొచ్చేసరికి చెయ్యి తొందరపడిందని అర్థం.

అడుగు అంచు బిగుసుకుపోయి విల్లులా వంగింది

మొదటి చెయిన్ బిగువుగా పడింది. ఇంకేమీ కాదు. చెయిన్ వరకే అరమిల్లీమీటరు పెద్ద సూది వాడి, మొదటి వరస నుంచి మామూలు సూదికి మారండి. ఉతికి లాగితే సర్దుకుంటుందనుకోవద్దు. బిగుసుకున్న చెయిన్ సాగదు. రెండు వరసలు వేశాక చూసుకున్నా విప్పేయడమే మేలు.

వరస వరసకీ వెడల్పు తగ్గిపోతోంది

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఈ సమస్యే. ఎంవీపీ కాలనీ నుంచి వచ్చే ఒక డిగ్రీ అమ్మాయి ఆరు వరసలు అల్లుకొచ్చి బల్ల మీద పరిచింది. కింద ఎనిమిది షెల్స్, పైన ఐదున్నర. "అక్కా, ఒక్క కుట్టు కూడా వదల్లేదు, ఒట్టు. మరి ఎందుకు తగ్గింది?" అంది. నిజంగానే మధ్యలో ఒక్క కుట్టూ వదల్లేదు. పోయిందంతా అంచుల్లోనే.

అంచులో రెండుచోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి, అర షెల్ మర్చిపోవడం. రెండో వరసలో ఏడు పూర్తి షెల్స్, రెండు చివర్లా రెండు అర షెల్స్ ఉండాలి. మూడో వరసలో మళ్ళీ ఎనిమిది. అంటే సరి వరసలో ఏడు, బేసి వరసలో ఎనిమిది. అర షెల్స్ వేయకపోతే వాటి చోటు ఖాళీ అయిపోయి, పై వరస లోపలికి జరుగుతుంది.

రెండోది ఇంకా మోసం చేస్తుంది. మూడో వరస చివరి సింగిల్ పడాల్సింది రెండో వరస మొదట్లో మనం వేసిన మూడు చెయిన్ల తల మీద. అవి కుట్టులా కనిపించవు, అంచున వేలాడే దారంలా ఉంటాయి. అందుకే చెయ్యి వాటిని దాటేసి ముందున్న డబుల్ మీద ఆగిపోతుంది. దీనికి మందు ఒక పిన్నీసు. మూడు చెయిన్లు వేయగానే మూడోదానికి చిన్న పిన్నీసు తగిలించండి. వరస చివరికి వచ్చినప్పుడు ఆ పిన్నీసు తీసి, సరిగ్గా అక్కడే సింగిల్ వేయండి. ఆ అమ్మాయి అక్కడే కూర్చుని అలా రెండు వరసలు వేసింది. అంచు నిటారుగా లేచింది.

అంచున పెద్ద కన్నం పడుతోందంటే మీ చెయిన్ వదులని అర్థం. మూడుకి బదులు రెండు చెయిన్లతో తిప్పండి. అప్పుడు పిన్నీసు రెండోదానికి.

షెల్ నిటారుగా లేదు, పక్కకి వాలింది

కింది వరస చూడండి. సింగిల్ పడాల్సింది కింది షెల్‌లో మూడో డబుల్ మీద. అది రెండోదాని మీదో నాలుగోదాని మీదో పడితే, పక్కనున్న షెల్‌కి ఒకవైపు చోటు ఎక్కువ, ఒకవైపు తక్కువ అవుతుంది.

లెక్క సరిగ్గానే చూసుకున్నాం అనేవాళ్ళు కూడా ఇక్కడ పొరబడతారు. ఎందుకంటే డబుల్ తల దాని కాండానికి సరిగ్గా పైన ఉండదు, కొంచెం పక్కకి జరిగి ఉంటుంది. కాండాన్ని చూసి పైకి సూది పెడితే పక్క కుట్టులోకి వెళ్ళే ప్రమాదం ఉంది. కాబట్టి కాండాలు కాదు, తలలు లెక్కపెట్టండి. లేసుని వేళ్ళతో కాస్త లాగి పట్టుకుంటే పై అంచులో జడ అల్లినట్టు ఐదు తలలు కనిపిస్తాయి. అటు రెండు, ఇటు రెండు ఉన్నదే నడిమిది. మొదట్లో షెల్ షెల్‌కీ లెక్కపెట్టాల్సిందే, అలవాటయ్యాక వేలికే తెలుస్తుంది.

జాలీ కోసం మధ్యలో చెయిన్లు వేస్తే కుచ్చిళ్ళు పడుతున్నాయి

డబుల్‌కీ డబుల్‌కీ మధ్య ఒక్కో చెయిన్ వేస్తే షెల్ గాలాడుతూ, అసలైన లేసులా ఉంటుంది. కానీ ఐదు కుట్లుండే షెల్ అప్పుడు తొమ్మిది కుట్లవుతుంది. చోటు మాత్రం పాతదే. చోటు చాలక గుడ్డ పైకి లేచి కుచ్చిళ్ళు పడుతుంది. ఇక్కడ తప్పు మీ చేతిది కాదు, లెక్కది.

రెండు బదులు మూడు చెయిన్లు వదలండి. షెల్‌కి ఆరు చెయిన్ల చొప్పున కాకుండా ఎనిమిది చొప్పున లెక్కేసి, చివర రెండు కలపాలి. ఎనిమిది షెల్స్‌కి 66. సరి వరస మొదట్లో మూడు చెయిన్ల బదులు నాలుగు వేసి, మొదటి సింగిల్‌లో డబుల్, చెయిన్, డబుల్ వేస్తే అర షెల్ వస్తుంది. ఆ వరస చివర అర షెల్‌లో మూడు డబుల్స్, మధ్యలో ఒక్కో చెయిన్. తర్వాతి వరస చివరి సింగిల్ మాత్రం ఆ నాలుగు చెయిన్లలో మూడోదాని మీద వేయాలి, నాలుగోది సందుకి.

దారం చీలిపోతోంది

సూది దారానికి చిన్నదై ఉండొచ్చు, లేదా దారం పురి విడిపోతూ ఉండొచ్చు. పురి విడిపోతే సూది తీసేసి, లూపుకి పిన్నీసు పెట్టి, లేసుని చేత్తో పట్టుకుని దారం ఉండని కిందికి వేలాడదీయండి. అదే తిరిగి సర్దుకుంటుంది. చీలిన పోగుతో వేసిన కుట్టుని అలాగే వదలొద్దు, ఉతికాక అది నూగులా పైకి లేస్తుంది.

వేసవిలో కుట్లు బిగుసుకుపోతున్నాయి, తెల్లదారం మీద గోధుమరంగు మచ్చలు

ఇది మన ఊరి సమస్య. మే నెల ఉక్కపోతలో చేతికి చెమట పట్టి దారం వేలి మీద జారదు. తెలియకుండానే గట్టిగా లాగుతాం. ఉదయం అల్లిన షెల్స్ కంటే మధ్యాహ్నం అల్లినవి చిన్నగా రావడం మీరే గమనించవచ్చు. పౌడర్ రాసుకోమని కొందరు చెబుతారు, నాకు నచ్చదు. అది చెమటతో కలిసి దారానికి అంటుకుంటుంది. ఒళ్ళో పొడి కాటన్ గుడ్డ పెట్టుకుని, షెల్ షెల్‌కీ వేళ్ళు తుడుచుకోండి. దారాన్ని చూపుడువేలికి రెండు చుట్లు చుట్టే అలవాటుంటే వేసవిలో ఒక్క చుట్టు చాలు.

మచ్చలు తుప్పువి. సన్న సూదులు ఉక్కువి, పైన పూత ఉంటుంది. పూత అరిగినచోట సముద్రపు ఉప్పుగాలి తగిలితే తుప్పు పడుతుంది. బీచ్ రోడ్డు దగ్గర్లో ఉండేవాళ్ళకి ఇది త్వరగా కనిపిస్తుంది. పని అయ్యాక సూది తుడిచి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. తుప్పు మొదలైన సూదిని లేసుకి వాడొద్దు. అల్యూమినియం సూదికి ఈ బాధ లేదు. మచ్చ పడిపోతే, తెల్లదారమైతే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి ఉతకండి. రంగు దారానికి ఇది చేయొద్దు, రంగు వెలుస్తుంది.

అంతా సరిగ్గానే వేశాను, అయినా ఫోటోలోలా లేదు

సూది మీద నుంచి దిగిన లేసు ఎవరిదైనా నలిగినట్టే ఉంటుంది. దాన్ని నీళ్ళలో తడిపి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, థర్మకోల్ షీటు మీద తెల్లగుడ్డ పరిచి దానిపై పరచండి. ముందు నాలుగు మూలలూ, తర్వాత ప్రతి షెల్ నడిమి డబుల్‌నీ పైకి లాగి గుండుసూది గుచ్చాలి. స్టెయిన్‌లెస్ సూదులైతేనే, లేకపోతే మళ్ళీ తుప్పు మచ్చలు. కాస్త బిరుసుగా కావాలంటే పలచటి గంజిని బట్టలో వడకట్టి అందులో ముంచండి. వడకట్టకపోతే కన్నాల్లో తెల్లటి పొర కడుతుంది. నీడలో పూర్తిగా ఆరాకే సూదులు తీయాలి. వానాకాలమైతే ఫ్యాన్ కింద ఒక రోజు పైనే పట్టొచ్చు.

ఎక్కువ రోజులు దాచేదైతే గంజి పెట్టొద్దు. తేమకి బూజు వాసన వస్తుంది, పురుగులూ చేరతాయి. ఉతికి ఆరబెట్టి దాచుకుని, వాడే ముందు గంజి పెట్టుకోండి.

ఉతికాక చివరి దారం ఊడిపోయింది

దారం కొస నాలుగువేళ్ళ పొడవు ఉంచి, మొద్దుసూదితో షెల్ మొదట్లోని దట్టమైన చోట కుడికి, మళ్ళీ ఎడమకి, ఇంకోసారి కుడికి దూర్చండి. కాటన్ నున్నగా ఉంటుంది కాబట్టి ఒకవైపు దూరిస్తే ఆగదు. జాలీ ఉన్నచోట దూర్చొద్దు, బయటికి కనిపిస్తుంది. కొత్త ఉండ కలిపేటప్పుడూ షెల్ మధ్యలో కాకుండా సింగిల్ దగ్గరే కలపండి.