పాత బండి కార్బొరేటర్ – 4వ పాఠం: తేడా ఎక్కడ మొదలవుతోంది?

పోయిన పాఠం చివర, ఈసారి మెయిన్ జెట్ (యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు పెట్రోల్ కొలిచే చిల్లుల ఇత్తడి ముక్క) సంగతి చూద్దామన్నాను. అది వాయిదా. కార్బొరేటర్ విప్పి, కడిగి, మళ్లీ బిగించాక చాలామంది బండ్లు మునుపటి కంటే మొండికేశాయి. ముందు ఆ గోల తేలాలి.

మొదటిది: కిక్ కొట్టగానే, యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే, ఇంజను గట్టిగా అరవడం. ఇందులో తప్పు నాదే. "స్లయిడ్‌ను తీసినట్టే మళ్లీ పెట్టండి" అని ఒక్క ముక్కలో దాటేశాను. స్లయిడ్ అంటే యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క. తీసేటప్పుడు అది ఎటు తిరిగి ఉందో ఎవరు చూస్తారు? మికుని కంపెనీ వీఎం రకం లాంటి గుండ్రటి స్లయిడ్ కార్బొరేటర్లలో స్లయిడ్ అడుగు అంచు ఒకవైపు వాలుగా కోసి ఉంటుంది. ఆ కోత ఎప్పుడూ ఎయిర్ ఫిల్టర్ వైపే ఉండాలి. కార్బొరేటర్ లోపలి గోడకున్న చిన్న పిన్ను, స్లయిడ్ మీదున్న పొడవాటి గాడిలో కూర్చోవాలి. తిరగేసి పెడితే స్లయిడ్ పూర్తిగా కిందికి దిగదు. గాలి దారి తెరుచుకునే ఉంటుంది. ఇక ఇంజను అరవక ఏం చేస్తుంది?

అందుకే స్టార్ట్ చేసే ముందు, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదలండి. స్లయిడ్ కిందపడి 'టక్' మనాలి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి ఇదే చూడండి, కేబుల్ ఎక్కడైనా లాగుతుంటే తెలిసిపోతుంది. టక్ వినపడకపోతే కిక్ కొట్టొద్దు.

టక్ వినపడినా కొందరికి ఇంకో బాధ: యాక్సిలరేటర్ వదిలినా ఇంజను వేగం వెంటనే దిగదు, కాసేపు అలాగే వేలాడుతుంది. ఇది దాదాపు ఎప్పుడూ ఇంజనుకూ కార్బొరేటర్‌కూ మధ్య గాలి దూరడం వల్లే. పగిలిన రబ్బరో, నలిగిన ప్యాకింగో అయి ఉంటుంది. అమల్ కంపెనీ కాన్సెంట్రిక్ కార్బొరేటర్ వాడేవాళ్లయితే రెండు నట్లనూ బలం చూపించి బిగించి ఉంటారు, ఇంజనుకు ఆనే చదును అంచు (ఫ్లాంజ్) వంగిపోతుంది. దాన్ని విప్పి అద్దం ముక్క మీద పెట్టి చూడండి, ఊగితే వంగినట్టే. గాలి దూరుతోందా అని చూడటానికి కొందరు మండే స్ప్రేలు కొడతారు. నేను మామూలు నీళ్లే చల్లుతాను. ఇంజను నడుస్తుండగా అతుకు మీద సన్నగా చల్లితే, లీకు ఉన్నచోట శబ్దం మారుతుంది. వేడి ఇంజను పక్కన నిప్పుతో చెలగాటం నాకు వద్దు.

రెండో గోల: ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోల్ కారడం. కార్బొరేటర్ అడుగు గిన్నెలో తేలే ఫ్లోట్, పెట్రోల్ నిండగానే ఒక చిన్న నీడిల్‌తో దారి మూస్తుంది. ఆ ఫ్లోట్ నీడిల్ కింద నలుసు ఉండి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా రెండు తట్లు తట్టండి, ఒక్కోసారి అంతే చాలు. ఇత్తడి ఫ్లోట్ అయితే చెవి దగ్గర ఊపి వినండి. లోపల చప్పుడైతే పెట్రోల్ దూరినట్టే. వేడినీళ్లలో ముంచితే చిల్లు ఎక్కడుందో బుడగలే చూపిస్తాయి.

ఇప్పుడు అసలు పాఠం.

"నలభై స్పీడులో మిస్సింగ్ వస్తోంది, ఏ జెట్ మార్చాలి?" ఈ ప్రశ్న వినగానే నాకు తల తిరుగుతుంది. కార్బొరేటర్‌కు మీ స్పీడుతో పనిలేదు. స్లయిడ్ ఎంత లేచిందన్నదే దానికి కావాలి. సగం యాక్సిలరేటర్‌లో చదును రోడ్డు మీద బండి అరవైలో పోవచ్చు, ఎత్తు ఎక్కుతుంటే ముప్పై దాటకపోవచ్చు. రెండుచోట్లా పెట్రోల్ కొలిచేది నీడిలే, అంటే స్లయిడ్ కింద వేలాడే పొడవాటి సూది. అదే నలభై స్పీడు నాలుగో గేరులో పావు యాక్సిలరేటర్‌తో రావచ్చు, వెనక మనిషి కూర్చుంటే సగంతో రావచ్చు. రెండో గేరులో పూర్తిగా తిప్పి నలభై దాటుతుంటే అప్పుడు మాట్లాడేది మెయిన్ జెట్. ఒకే నలభైకి మూడు సమాధానాలు! ఇక స్పీడోమీటర్ చూసి జెట్ కొంటే ఏం లాభం? ఐడిలింగ్ నిలవక ఆగిపోయే బండికి పెద్ద మెయిన్ జెట్ వేసినవాళ్లను కూడా చూశాను. ఐడిలింగ్‌లో ఆ జెట్‌కు దాదాపు పనే ఉండదు.

స్పీడోమీటర్ వదిలేసి యాక్సిలరేటర్ పిడికి ఒక టేపు ముక్క, దాని పక్కనున్న స్విచ్చుల డబ్బాకు ఇంకోటి అంటించండి. మూసిన చోటు, పావు, సగం, ముప్పావు, పూర్తి అని గీతలు గీయండి. మూసిన చోటు నుంచి ఎనిమిదో వంతు దాకా పెత్తనం పైలట్ జెట్ (ఐడిలింగ్‌లో పెట్రోల్ ఇచ్చే చిన్న జెట్), ఎయిర్ స్క్రూ (దానికి గాలి సర్దే స్క్రూ) అనే రెండింటిది. అక్కడి నుంచి పావు దాకా స్లయిడ్ కోతది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, ఆపైన మెయిన్ జెట్. ఈ హద్దులు గోడ కట్టినట్టు ఉండవు, ఒకదాని మీదికి ఒకటి కాస్త జరుగుతాయి.

తేడా ఏ గీత దగ్గరో తెలిశాక, పెట్రోల్ ఎక్కువా తక్కువా అన్నది చోక్‌ని అడగండి. ఇంజను వేడెక్కాక కూడా కాస్త చోక్ వేస్తే నయమనిపిస్తే పెట్రోల్ తక్కువ. ఇంకా ముక్కితే ఎక్కువ. పూర్తి యాక్సిలరేటర్‌లో లాగడం లేదనుకోండి, కొంచెం వెనక్కి వదలగానే బండి ఎగబాకితే మెయిన్ జెట్ చిన్నది.

ఇవన్నీ ప్లగ్గు, దానికి నిప్పురవ్వ అందించే పాయింట్లు బాగున్నప్పటి మాటలు. నేనైతే కార్బొరేటర్ మీద చెయ్యి వేసే ముందు ప్లగ్గు మార్చి చూస్తాను. కార్బొరేటర్ జబ్బు అనుకున్నది సగంసార్లు అక్కడే తేలిపోతుంది.

సాధన: కష్టమే, తప్పదు. నీడిల్ పై కొసన ఉండే గాళ్లలో, దాన్ని పట్టి ఉంచే క్లిప్ ఇప్పుడు పైనుంచి ఎన్నో గాడిలో ఉందో రాసుకోండి. ఖాళీగా ఉండే ఒకే రోడ్డు మీద, ఒకే గేరులో, సగం గీత దగ్గర యాక్సిలరేటర్ కదలకుండా మూడుసార్లు వెళ్లండి. మొదటిసారి క్లిప్ ఉన్నచోటే. రెండోసారి ఒక గాడి కిందికి దించి, అంటే నీడిల్ పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది. మూడోసారి మొదటి చోటు కంటే ఒక గాడి పైకి. ఈ మూడోదానితో ఎక్కువ దూరం పోవద్దు, పెట్రోల్ తగ్గితే ఇంజను వేడెక్కుతుంది. ప్రతిసారీ శబ్దం, లాగుడు, వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపలు రాసుకోండి. మధ్యలో ఇంకేదీ ముట్టుకోవద్దు, ఎయిర్ స్క్రూ కూడా. ఆ కాగితం పక్కన పెట్టుకునే వచ్చే పాఠంలో మెయిన్ జెట్ విప్పుదాం.