క్రెడిట్ కార్డు అప్పు లెక్కలు, 4వ పాఠం: మినిమం కట్టాక ఏమవుతుంది?

పోయిన పాఠంలో "చేతిలో డబ్బు ఆడని నెల కనీసం మినిమం డ్యూ అయినా కట్టండి" అని రాశాను. మినిమం డ్యూ అంటే ఈ నెలకి ఇంతైనా కట్టమని బిల్లులో వేసే చిన్న మొత్తం. చాలామంది ఆ ఒక్క మాటే పట్టుకున్నారు. పలాసలో జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాసే తమ్ముడొకరు బిల్లు ఫొటో పంపి, "మాస్టారూ, రెండు బిల్లులకీ మినిమం కట్టాను, బాకీ కదలట్లేదేంటి?" అని అడిగాడు. పని తగ్గి ఆయన జీతం సగానికి పడిపోయింది. ఆ మాట అక్కడ ఆపేయడం నా తప్పే. అందుకే ఈఎంఐ పాఠం పక్కన పెట్టాను.

బిల్లు తేదీ అంటే బిల్లు తయారయ్యే రోజు, డ్యూ డేట్ అంటే అది కట్టడానికి ఆఖరి రోజు. ఇవి మీకు తెలిసినవే, ఇంతకుమించి చెప్పను.

మినిమం కడితే లేట్ ఫీజు పడదు, సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ దగ్గర, మచ్చ పడదు. అంతవరకే. వడ్డీ ఆగదు. బ్యాంకు ఏడాదికి 42 శాతం అని రాస్తుంది, మన లెక్కలో అది మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా మూడు రూపాయలు అడిగితేనే గుమ్మం దిగి వచ్చేస్తాం.

తమ్ముడి బాకీ 40,000. నెల వడ్డీ 1,400. వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ 252. రెండూ కలిపి 1,652. ఆయన కట్టింది 2,000. అంటే అసలులో తగ్గింది 348 రూపాయలు.

ఇంతకంటే నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. బాకీ అలా ఉండగానే అదే కార్డు మీద కిరాణా కొనడం. "45 రోజులు వడ్డీ లేదు కదా" అంటారు. ఆ 45 రోజుల సౌకర్యం కిందటి బిల్లు మొత్తం కట్టినవాళ్లకే. వెనక బాకీ ఉంటే కొత్తగా కొన్న ప్రతి వస్తువుకీ కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. 12వ తేదీన 3,000 సరుకులు తెచ్చారు, వచ్చే నెల 5న బిల్లు పడింది. 24 రోజులకి వడ్డీ 83, జీఎస్‌టీ 15. డ్యూ డేట్ ఇంకా రానేలేదు, అప్పుడే 98 రూపాయలు పోయాయి. పెట్రోలైనా అంతే, పిల్లల పుస్తకాలైనా అంతే, ఫోన్ రీచార్జ్ అయినా అంతే. బాకీ తీరేదాకా ఆ కార్డు బీరువాలో పెట్టి తాళం వేయండి. సరుకులు నగదుకే కొనండి.

గడువు పొడిగించారంటే వడ్డీ మాఫీ అనుకోకండి. 2020లో మార్చి నుంచి ఆగస్టు దాకా రిజర్వ్ బ్యాంకు మారటోరియం, అంటే వాయిదాలు తర్వాత కట్టుకునే వెసులుబాటు, ఇచ్చినప్పుడు వాయిదా ఆగింది, వడ్డీ ఆగలేదు. ఆ తర్వాత వచ్చిన బిల్లులు చూసి మా వీధిలో ఇద్దరు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

నేనైతే బిల్లు కోసం ఎదురుచూడను, పదిహేను రోజులకోసారి యాప్‌లో చూపించిందంతా కట్టేస్తాను. కట్టలేని స్థితి వస్తే ఇంట్లో బంగారం బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు బాకీ తీర్చేయమంటాను. అక్కడ వడ్డీ రూపాయికి అటూ ఇటూ ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడకుండా మాత్రం ఆ పని చేయకండి.

అభ్యాసం: మీ చివరి ఆరు బిల్లులు తీయండి. ప్రతిదానిలో మొత్తం బాకీ, కట్టింది, వడ్డీ, జీఎస్‌టీ, అసలులో తగ్గింది నోటుబుక్కులో రాయండి. తర్వాత ఒక బిల్లులో ప్రతి కొనుగోలుకీ రోజులు లెక్కపెట్టి వడ్డీ ఎంతో మీరే లెక్క వేయండి. క్యాలిక్యులేటర్ వాడొచ్చు. మీ లెక్కకీ బిల్లుకీ తేడా వస్తే బ్యాంకుకి రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు.

5వ పాఠం: కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే ఏమవుతుంది. అప్పటిదాకా తీయకండి.