డెస్క్‌టాప్‌కి మంచి ఎస్‌ఎంపీఎస్ ఎలా ఎంచుకోవాలి?

వేసవి సాయంత్రాల్లో మా కోనసీమలో ఫ్యాన్లు నీరసంగా తిరుగుతాయి. చేపల చెరువుల పక్క ఊళ్లలో నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్లన్నీ ఒకేసారి ఆన్ చేస్తే లైట్లు డల్ అయిపోతాయి. అలాంటి కరెంటు దెబ్బ కంప్యూటర్‌లో ముందు తగిలేది ఎస్‌ఎంపీఎస్‌కే, అంటే ఇంటి కరెంటుని లోపలి భాగాలకి కావాల్సిన తక్కువ వోల్టేజీకి మార్చి ఇచ్చే పవర్ సప్లైకే. కేబినెట్‌తో ఉచితంగా వచ్చినదాన్ని నమ్ముకుని నేను మదర్‌బోర్డునీ, హార్డ్‌డిస్కులో ఉన్న మా పాప ఫొటోలనీ పోగొట్టుకున్నాను. ఆ బాధ ఇంకొకరికి వద్దు.

ముందు ఎన్ని వాట్లు కావాలో లెక్క వేయండి. ప్రాసెసర్ 125, గ్రాఫిక్స్ కార్డు 170, మిగతా వాటికి 75 అనుకుంటే మొత్తం 370. దానిమీద మూడో వంతు కలిపితే దాదాపు 500. షాపులో 550 అడగండి. టైపింగ్, బిల్లింగ్ పనికి, విడిగా కార్డు లేకపోతే, మంచి రకం 450 ధారాళంగా సరిపోతుంది.

తర్వాత లేబుల్ చదవండి. అసలు విషయమంతా అక్కడే ఉంది. పెట్టె మీద అంకె ఎంత పెద్దదైనా పట్టించుకోకండి. +12వి (12 వోల్టులు) అని రాసిన గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి, 12తో గుణించండి. ప్రాసెసర్, కార్డు ప్రధానంగా తీసుకునేది ఆ కరెంటే. 450 అని రాసి, ఆ గడిలో 18 ఆంపియర్లే ఉంటే వచ్చేది 216 వాట్లు. అదే 36 ఆంపియర్లుంటే 432. రెండూ పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి, మొహమాటపడకండి.

అదే లేబుల్ మీద ఇన్‌పుట్ కూడా చూడండి. 200-240 వోల్టులని ఉంటే మన లో-వోల్టేజీకి తట్టుకోవడం కష్టం. 100-240 అని ఉన్నదే తీసుకోండి, ఇక్కడ అది తప్పనిసరి.

80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది, అంతే. ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పదు. దానికి వారంటీ చూడాలి. ఐదేళ్లున్నది దొరికితే కొంచెం ఎక్కువ పెట్టినా పర్వాలేదు. వారంటీ కాలం వేసి ఉన్న బిల్లు తీసుకోండి.

యూపీఎస్ ఉంటే ఒక్క జాగ్రత్త. చౌక యూపీఎస్‌లు బ్యాటరీ మీద సైన్ వేవ్, అంటే మామూలు ఇంటి కరెంటులా నున్నని అలలా వచ్చే కరెంటు, ఇవ్వవు. యాక్టివ్ పీఎఫ్‌సీ (లైను నుంచి కరెంటుని సమంగా తీసుకునేలా చేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని ఆ కరెంటుకి ఆగిపోతాయి. కొనే ముందే రెండూ కలిపి ఆడించి చూపించమనండి.

పాత ఎస్‌ఎంపీఎస్‌ని విప్పి చూడొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

ఇక కేబినెట్‌ని చేత్తో తాకితే జివ్వుమంటోందా? ఎర్తింగ్ లేదన్నమాట. ఎంత ఖరీదైన ఎస్‌ఎంపీఎస్ పెట్టినా ఆ జివ్వు పోదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, సాకెట్‌లో పై పిన్నుకి ఎర్త్ వైరు నిజంగా ఉందో లేదో చూపించి, ఆ తర్వాతే కొత్తది బిగించండి.